తీసిన బొమ్మా, వేసిన బొమ్మా?

కిందటేడాది సంక్రాంతికి గిద్దలూరు దగ్గర అమ్మమ్మగారి ఊరికి వెళ్తూ నా చిన్న టెలిస్కోపును కూడా కారులో పెట్టుకున్నాను. 80 మిల్లీమీటర్ల కటకమూ 480 మిల్లీమీటర్ల నాభ్యంతరమూ ఉన్న గొట్టం అది. భోగినాటి రాత్రి తొమ్మిది దాటాక డాబా మీద దాన్ని నిలబెట్టి, అమ్మమ్మ గొల్లకావడి అని చూపించే మూడు చుక్కల కింద వేలాడే మసక మచ్చ వైపు తిప్పి, ఇంట్లో అందరినీ వరసగా పిలిచాను. పిల్లలు ఒక్క క్షణం చూసి పొగలా ఉందని చెప్పి పతంగుల దగ్గరికి పరుగెత్తారు. మామయ్య మాత్రం చాలాసేపు కన్ను తీయకుండా చూసి, "బూడిదరంగు గబ్బిలం రెక్కలు చాపినట్టుంది" అన్నాడు. ఆ తరువాత కిందికి వచ్చి, అదే మచ్చను, అంటే మృగవ్యాధ (ఓరియన్) నీహారిక అనే వాయు ధూళి మేఘాన్ని, నేను అంతకు ముందటి చలికాలంలో తీసిన ఫోటోను లాప్‌టాప్‌లో చూపించాను. గులాబీరంగు మడతలు, వాటి అంచున ఊదా, మధ్యలో తెల్లగా వెలిగే గుండె. మామయ్య కళ్ళజోడు పైకి నెట్టుకుని అడిగిన మొదటి మాట ఇది: "ఏరా, ఇది తీసిన బొమ్మా, వేసిన బొమ్మా?"

ఈ ప్రశ్న వేరొకరు అడిగి ఉంటే నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబు చెప్పి పంపించేవాణ్ణి. కాని మామయ్య ముప్పై ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపిన మనిషి. నెగటివ్ మీద సన్నటి పెన్సిలు మొనతో మొటిమల మచ్చలు మాయం చేయడం, ఎన్‌లార్జరు వెలుగు కింద అరచెయ్యి అడ్డం పెట్టి ముఖం నల్లబడకుండా కాపాడడం, మామూలు నెగటివ్‌కు ఏ పేపరు, పేలవమైన నెగటివ్‌కు ఏ పేపరు వాడాలో చూడగానే చెప్పడం ఆయన వృత్తి. తీయడానికీ వేయడానికీ మధ్య గీత ఎక్కడుంటుందో నాకన్నా ఆయనకే బాగా తెలుసు. అందుకే ఆ ప్రశ్న ఏడాదిగా నన్ను వదలలేదు. ఆ ఏడాదిలో నా అభిప్రాయం రెండుసార్లు మారింది. అది ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చిందో ఇక్కడ రాసుకుంటున్నాను.

కన్ను సాక్ష్యం ఎంత?

నా సిద్ధమైన జవాబు ఇది: కన్ను బలహీనమైనది, కెమెరా బలమైనది, కాబట్టి కెమెరా చూపించేదే అసలు రూపం. ఈ మాటలో సగం నిజమే. వెలుగు బాగా తక్కువగా ఉన్నప్పుడు మన కంట్లో రంగును గుర్తించే శంకు కణాలు పనిచేయవు. దండ కణాలు ఒక్కటే చూస్తాయి, వాటికి రంగు తెలియదు. కన్ను వెలుగును పోగుచేసుకోలేదు కూడా. సెకనులో చిన్న భాగం మాత్రమే కూడబెట్టి, తరువాతి దృశ్యానికి వెళ్ళిపోతుంది. కెమెరాలో వెలుగును పట్టే సెన్సరు రెండు నిమిషాలైనా, పది నిమిషాలైనా తలుపు తెరుచుకుని కూర్చుంటుంది.

చాలామంది నమ్మలేని సంగతి ఒకటుంది. టెలిస్కోపు ఎంత పెద్దదైనా, నీహారిక లాంటి విస్తరించిన వస్తువు ఉపరితల ప్రకాశాన్ని అది వట్టి కంటికి ఉన్నదానికన్నా పెంచలేదు. దాన్ని పెద్దదిగా మాత్రమే చూపగలదు. సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరాన్ని దాటి ఆ నీహారిక ముంగిట్లోకి వెళ్ళి నిలబడినా ఇదే సూత్రం వర్తిస్తుంది: అది ఆకాశంలో చాలా మేర పరుచుకుని కనిపిస్తుంది తప్ప, ఒక్కో చోట ఇప్పటికన్నా ఎక్కువగా వెలగదు. కాబట్టి నా ఫోటోలో ఉన్న దృశ్యాన్ని ఏ మనిషీ ఎక్కడ నిలబడీ చూడలేడు. ఈ మాట చెప్పినప్పుడు కొందరు వెంటనే "అయితే అబద్ధమే కదా" అంటారు. ఎక్స్-రేలో కనిపించే ఎముకను కూడా ఎవరూ ఏ వెలుతురులోనూ అలా చూడలేరు. అయినా దాన్ని నమ్మి కట్టు కట్టించుకుంటాం.

నీహారికల విషయంలో కన్నే ఎక్కువగా బొమ్మలు వేసింది. 1880 సెప్టెంబరు 30న హెన్రీ డ్రేపర్ 11 అంగుళాల టెలిస్కోపుతో 51 నిమిషాల ఎక్స్‌పోజరు ఇచ్చి మృగవ్యాధ నీహారికను మొదటిసారి ఫోటో తీసేవరకు, ఆ నీహారిక బొమ్మలన్నీ చేత్తో వేసినవే. పెద్ద పెద్ద ఖగోళ శాస్త్రజ్ఞులు కంటితో చూసి గీసిన ఆ చిత్రాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఆ తేడాలు చూసి నీహారిక ఆకారమే మారుతోందేమోనని వాదించినవారున్నారు. ఐర్లండులో 72 అంగుళాల అద్దంతో ఆ కాలానికి ప్రపంచంలోకెల్లా పెద్ద టెలిస్కోపు కట్టించిన లార్డ్ రోస్, 1846 నాటికి ఆ నీహారిక నడిమి భాగం తనకు నక్షత్రాల గుంపుగా విడివిడిగా కనిపిస్తోందని ప్రకటించాడు. నీహారికలన్నీ దూరపు నక్షత్రాల గుంపులేనన్న నమ్మకం అప్పటికి గాలిలో ఉంది. కన్ను ఆ నమ్మకానికి బొమ్మ కట్టింది. 1864లో విలియం హగ్గిన్స్ పిల్లికన్ను నీహారిక వెలుగును పట్టకం గుండా పంపి, అందులో నక్షత్రాలకుండే అఖండ వర్ణపటానికి బదులు కొద్దిపాటి వెలుగు గీతలే ఉన్నాయని చూసేసరికి, అది వాయువని తేలిపోయింది. మృగవ్యాధ నీహారిక వెలుగులోనూ అలాంటి గీతలే కనిపించాయి.

తన కన్ను తనను మోసం చేస్తోందని లార్డ్ రోస్‌కు తెలియదు. ఆయన నిజాయితీని ఎవరూ శంకించలేదు. ఈ ఉదంతం మళ్ళీ అవసరమవుతుంది కాబట్టి గుర్తుంచుకోండి.

డాబా మీద కూడబెట్టడం

నేను ఎక్కువగా ఫోటోలు తీసేది హైదరాబాదులో మా అపార్టుమెంటు డాబా మీద నుంచి. జాన్ బోర్టల్ 2001లో ప్రకటించిన తొమ్మిది మెట్ల చీకటి కొలమానంలో (ఒకటి కటిక చీకటి, తొమ్మిది నగరపు వెలుగు) మా ఆకాశం ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఊగుతుంది. ఈ ఊళ్ళో ధ్రువ నక్షత్రం దిగంతానికి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. మా డాబా మీద ఆ చోటును పక్క అపార్టుమెంటు నీళ్ళ ట్యాంకు ఆక్రమించుకుంది. టెలిస్కోపును ఆకాశంతో పాటు తిప్పే మౌంటు అక్షాన్ని ధ్రువం వైపు సరిచూసుకోవడానికి నక్షత్రమే కనిపించక, వేరే చుక్కల ఫోటోలు తీసి కంప్యూటరుతో లెక్క కట్టించుకోవాలి. లాగూన్, ట్రిఫిడ్ నీహారికలున్న ధనూరాశి నడిరాత్రికి ఆకాశంలో బాగా ఎత్తుకు వచ్చే నెలల్లో రుతుపవనాలు ఉంటాయి. వాటి కోసం మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున మూడింటికి లేవాలి. ఇవన్నీ ఈ పని చేసే ప్రతివాడూ పడే తిప్పలే కాబట్టి వాటి జాబితా పెంచను.

ఒకప్పుడు ఇదే ఊళ్ళో బేగంపేటలోని నిజామియా వేధశాలవారు గాజు పలకల మీద ఆకాశాన్ని ఫోటో తీసి, ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీలోని నక్షత్రాల స్థానాలను అంతర్జాతీయ నక్షత్ర పట్టిక కోసం కొలిచారు. ఆ పనిలో లక్షల నక్షత్రాలు లెక్కకు వచ్చాయి. బేగంపేట మీదుగా బస్సులో వెళ్ళినప్పుడల్లా, ఫ్లైఓవరు దీపాల మధ్య, ఆ చీకటి ఎక్కడుండేదా అని వెతుక్కుంటాను. 1968 నాటికే ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల టెలిస్కోపును ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టుకోవలసి వచ్చింది.

ఇలాంటి ఆకాశం కింద రోజెట్ నీహారికను తీయాలంటే ఏం చేయాలో చెబితేనే నా వాదన అర్థమవుతుంది. అది సుమారు 5,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నా, ఆకాశంలో చంద్రబింబానికి రెండింతలకు పైగా వెడల్పు పరుచుకుని ఉంటుంది. దాని వెలుగులో ఎక్కువ భాగం హైడ్రోజన్ నుంచి 656.3 నానోమీటర్ల దగ్గర వచ్చే ఎరుపు. మామూలు కెమెరా సెన్సరు ముందు ఉండే వడపోత గాజు ఆ ఎరుపులో నాలుగో వంతుకు అటూ ఇటూగా మాత్రమే లోపలికి రానిస్తుంది. అందుకే ఈ పని చేసేవాళ్ళు ఆ గాజు తీయించేసిన కెమెరానో, చల్లబరిచే ఖగోళ కెమెరానో వాడతారు. నేను దాని ముందు హైడ్రోజన్ ఎరుపునూ, ఆక్సిజన్ 500.7 నానోమీటర్ల ఆకుపచ్చనూ తప్ప మిగతాదంతా ఆపేసే ఫిల్టరు పెట్టి, నాలుగు రాత్రులు కలిపి రెండేసి నిమిషాల ఫ్రేములు 180 తీశాను. మొత్తం ఆరు గంటలు.

ఒక్క ఫ్రేము తెరిచి చూస్తే నల్లని తెర మీద కొన్ని చుక్కలు తప్ప ఏమీ కనిపించదు. వీధిదీపాల వెలుగు నీహారిక వెలుగుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ వెలుగును సాఫ్టువేరుతో తీసివేయవచ్చు గదా అని అడుగుతారు. తీసివేయవచ్చు. కాని తీసివేయగలిగేది దాని సగటును మాత్రమే. దానిలోని ఒడిదుడుకులను కాదు. కాంతి కణాలు చినుకుల్లాగా ఒక లెక్క లేకుండా పడతాయి కాబట్టి, ఎంత వెలుగు పడితే అంత గరుకుదనం ఫోటోలో మిగిలిపోతుంది. ఆ గరుకును నునుపు చేయడానికి ఉన్న ఒకే ఒక నిజాయితీ మార్గం మరిన్ని ఫ్రేములు తీసి సగటు కట్టడం. అదీ వర్గమూలం చొప్పున మాత్రమే పనిచేస్తుంది: రెట్టింపు శుభ్రత కావాలంటే నాలుగింతల సమయం, పదింతలు కావాలంటే వంద ఫ్రేములు. ఆరు గంటల రోజెట్ నాకు చాలలేదనిపిస్తే, దానికి రెండింతలు బాగుండే బొమ్మకు ఇరవై నాలుగు గంటలు కావాలి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మబ్బు, పొగమంచు, ఆఫీసు, పక్కింటి పెళ్ళి లైట్లు పోగా ఆ గంటలు ఎన్ని చలికాలాలకు దొరుకుతాయో మీరే ఊహించుకోండి.

ఈ గంటల కొరత దగ్గరే మనిషికి ప్రలోభం మొదలవుతుంది.

చీర రంగు అడగడం

ముందు రంగు సంగతి. మామయ్య కుర్రతనంలో తెలుపు నలుపు పెళ్ళి ఫోటోలకు చేత్తో రంగులద్దేవారట. "రంగు వేసే ముందు పెళ్ళికూతురి వాళ్ళను చీర ఏ రంగని అడిగేవాళ్ళం. చెప్పకపోతే వేసేవాళ్ళం కాదు" అన్నాడు. "మనకు తోచిన రంగు వేస్తే అది వేరే పెళ్ళయిపోతుంది" అని ఒక నవ్వు నవ్వాడు.

నీహారిక చీర రంగు అడగడానికి మనకు వర్ణపటం ఉంది. హగ్గిన్స్ చూసిన ఆకుపచ్చ గీతలు భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోక, నెబ్యూలియం అనే కొత్త మూలకాన్ని ఊహించుకుని అరవై ఏళ్ళు గడిపాక, 1927లో ఐరా బోవెన్ అవి రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్‌వని చూపించాడు. కాబట్టి ఎరుపు ఎందుకు, ఆకుపచ్చ నీలాల మధ్య రంగు ఎందుకు అని అడిగితే చెప్పడానికి జవాబుంది. మరి హబుల్ టెలిస్కోపు 1995లో తీసిన, అందరూ ఎరిగిన ఈగిల్ నీహారిక స్తంభాల బొమ్మలో గంధకాన్ని ఎరుపుగా, హైడ్రోజన్‌ను ఆకుపచ్చగా, ఆక్సిజన్‌ను నీలంగా చూపించారు. హైడ్రోజన్ ఆకుపచ్చ కాదు. గంధకం, హైడ్రోజన్ రెండూ ఎరుపే. రెంటినీ ఎరుపుగానే చూపిస్తే ఏది ఎక్కడుందో తెలియదు కాబట్టి విడదీశారు. భౌగోళిక పటంలో జిల్లాలకు వేసే రంగుల లాంటివి అవి. పటంలో కర్నూలు జిల్లా పసుపుగా ఉంటే, అక్కడి నేల పసుపని ఎవరూ అనుకోరు.

ఇంతవరకు ఆలోచించి, సంక్రాంతి నుంచి వచ్చిన నెలలో నేనొక సూత్రం కట్టుకున్నాను: రంగు మన ఎంపిక, ఆకారం కాదు. రంగులు ఎలా కేటాయించామో చెబితే చాలు. ఆకారాన్ని మాత్రం ముట్టుకోకూడదు. వినడానికి బాగానే ఉంది. కాని ఆ సూత్రం వారం రోజులు కూడా నిలవలేదు.

నేను వాడే ఫిల్టరు నుంచి వచ్చేవి రెండే రెండు వెలుగులు: హైడ్రోజన్, ఆక్సిజన్. గంధకపు వెలుగు 671.6, 673.1 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. అది నా సెన్సరును చేరనే లేదు. అయినా ఆ రెంటినే రకరకాలుగా కలిపి, మూడోది ఉన్నట్టు పుట్టించి, హబుల్ బొమ్మల బంగారు వన్నె తెచ్చే పద్ధతులు బోలెడున్నాయి. నేనూ తెచ్చాను. ఆ బొమ్మలో ఆకారం ఎక్కడా మారలేదు. కాని ఆ రంగుల భాష తెలిసినవాడు చూస్తే, ఈ అంచున గంధకం ఉందని చదువుకుంటాడు. చీర ఏ రంగని అడగకుండానే వేసిన రంగు అది. రంగు అలంకారంగా ఉన్నంతవరకు ఎంపికే. అది ఒక పదార్థం గురించి చెప్పడం మొదలుపెట్టిన క్షణం నుంచి సాక్ష్యం అవుతుంది, సాక్ష్యానికి ఆధారం కావాలి. ఆ బొమ్మను తీసేయలేదు గాని, కింద "రెండు వెలుగులతోనే చేసినది, గంధకం లేదు" అని రాసి పెట్టాను. ఆ వాక్యం చూసి ఒక పరిచయస్తుడు ఇదేదో సిగరెట్ పెట్టె మీద హెచ్చరికలా ఉందన్నాడు.

ఒక దారప్పోగు కథ

ఆకారం సంగతికి వస్తే, ఇక్కడ నేను తప్పు చేసినవాణ్ణి.

రెండేళ్ళ కిందట నా రోజెట్ బొమ్మ ఒకటి ఊళ్ళో ఒక బడివాళ్ళకు నచ్చి, సైన్సు గదిలో పెట్టుకుంటామని అడిగారు. పన్నెండు పద్దెనిమిది అంగుళాల సైజులో ప్రింటు తీయాలి. అంత పెద్దది చేస్తే గరుకుదనం బయటపడుతుందని భయపడి, మామూలు ఫోటోలను నునుపు చేసి పదును పెట్టే ఒక కృత్రిమ మేధ సాఫ్టువేరులో దాన్ని వేసి తీశాను. ఫలితం చూసి మురిసిపోయాను. నీహారిక నడుమనున్న చీకటి ధూళి ముద్దల నుంచి సన్నటి దారప్పోగులు జాలువారుతున్నాయి. నా చిన్న టెలిస్కోపు ఇంత పట్టిందా అని రెండు రోజులు ఊరంతా చెప్పుకున్నాను. ప్రింటు గోడకెక్కింది.

మామయ్య ప్రశ్న తరువాత ఒక రాత్రి పాత ఫ్రేములన్నీ బయటికి తీసి, సరి సంఖ్యవి ఒక కుప్ప, బేసి సంఖ్యవి ఒక కుప్ప చేసి, రెంటినీ విడివిడిగా స్టాక్ చేసి, అంటే ఫ్రేములను ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు కట్టి, చూశాను. నీహారికలో నిజంగా ఉన్నది రెండు కుప్పల్లోనూ ఉండి తీరాలి. గరుకుదనం మాత్రం ఏ కుప్పది ఆ కుప్పకే వేరుగా ఉంటుంది. ఆ దారప్పోగులు రెంటిలోనూ లేవు. అవి ఆ సాఫ్టువేరు ఎవరి జుట్టునో, ఏ గడ్డిపరకనో, ఏ ఉన్ని చొక్కానో చూసి నేర్చుకున్న పోగులు. బడికి వెళ్ళి, సంగతి చెప్పి, వేరే ప్రింటు ఇచ్చి వచ్చాను. సైన్సు టీచరు ఏమీ అనలేదు. పాతదే బాగుందని మాత్రం అన్నారు.

ఈ కథ విన్న ఒక మిత్రుడు, నాకన్నా ఎన్నో ఏళ్ళు ముందు నుంచి ఈ పనిలో ఉన్నవాడు, నాతో గట్టిగానే వాదించాడు. ఆయన వాదన ఇది. 1990లో ఎగిరిన హబుల్ టెలిస్కోపు అద్దం తప్పుగా సానపట్టబడి ఉందని తేలాక, 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి దాన్ని సరిదిద్దేవరకు, శాస్త్రజ్ఞులు ఆ మసక బొమ్మలను గణితంతోనే పదును పెట్టి వాడుకున్నారు. అప్పుడు తప్పు కానిది ఇప్పుడెందుకు తప్పవుతుంది? దానికి నా జవాబు నా దగ్గరుంది: ఆ గణితం ఒక చుక్క ఆ అద్దంలో ఏ ఆకారంగా చెదిరిపోతుందో కొలిచి, ఆ చెదురును వెనక్కు తిప్పుతుంది, దానికి కావలసిన సమాచారం ఆ టెలిస్కోపు నుంచే వస్తుంది. వేల బొమ్మలు చూసి నేర్చుకున్న యంత్రం మాత్రం నా ఫోటోలో లేనిదాన్ని తన జ్ఞాపకం నుంచి తెస్తుంది. ఖగోళ ఫోటోల కోసమే తయారుచేసిన కొత్త సాఫ్టువేర్లు ఈ రెంటికీ మధ్యన ఎక్కడో ఉన్నాయి. నక్షత్రాలను గుండ్రంగా చేయడం వరకు వాటిని నేనూ వాడతాను. నీహారిక మీద వాడినప్పుడల్లా సరి, బేసి పరీక్ష చేస్తాను.

ఆ మిత్రుడు అంతటితో ఆగలేదు. "నువ్వు స్ట్రెచ్ చేస్తున్నప్పుడు పక్క కిటికీలో ఏం తెరిచి పెట్టుకుంటావు?" అని అడిగాడు. స్ట్రెచ్ అంటే చీకట్లో అణిగి ఉన్న మసక వెలుగు కనిపించేలా ఫోటో వెలుగు వంపును సాగదీయడం. పక్క కిటికీలో ఏదో పెద్ద వేధశాలవాళ్ళు తీసిన అదే నీహారిక బొమ్మ ఉంటుంది. దాన్ని చూసుకుంటూ, అక్కడ కనిపించే మడత ఇక్కడా కనిపించేవరకు వంపును జరుపుతాను. అక్కడ లేనిది ఇక్కడ కనిపిస్తే గరుకుదనమని తుడిచేస్తాను. అంటే నేనూ జ్ఞాపకం నుంచే బొమ్మ కడుతున్నాను. లార్డ్ రోస్ కన్ను చేసిన పనే నా చెయ్యి చేస్తోంది. దీనికి నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను.

తుడిచేసినది ఏమిటి?

ఆ మాట మీద ఆలోచిస్తుండగా గుర్తుకొచ్చినవాడు జే మెక్‌నీల్. ఆయన 2004 జనవరిలో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో తన పెరట్లో నుంచి, మూడు అంగుళాల టెలిస్కోపుతో, అంటే నా దానికన్నా కాస్త చిన్నదానితోనే, మృగవ్యాధ రాశిలోని ఎం 78 నీహారికను ఫోటో తీశాడు. ఆ ఫోటోలో ఒక మూల, పాత ఆకాశ పటాల్లో లేని చిన్న మసక మచ్చ కనిపించింది. దాన్ని గరుకుదనమని తుడిచేయలేదు. లెన్సు మెరుపని కొట్టివేయలేదు. అది కొత్తగా వెలుగులోకి వచ్చిన నీహారిక. అప్పుడే పుడుతున్న ఒక నక్షత్రం హఠాత్తుగా ప్రకాశించి, చుట్టూ ఉన్న ధూళిని వెలిగించింది. తరువాత వెతికితే 1966 నాటి ఒక ఫోటోలోనూ అది కనిపించింది; నడుమ మాయమై మళ్ళీ వచ్చిందన్నమాట. ఇప్పుడది మెక్‌నీల్ నీహారిక. పక్క కిటికీలో పాత బొమ్మ పెట్టుకుని దానితో సరిపోల్చడం నేనూ చేస్తాను, ఆయనా చేశాడు. నేను తేడాను తుడవడానికి పోల్చాను, ఆయన తేడాను వెతకడానికి పోల్చాడు.

ఇలాంటిదే 2023లో మళ్ళీ వార్తకెక్కింది. మార్సెల్ డ్రెక్స్‌లర్, జేవియర్ స్ట్రాట్నర్, యాన్ సెంటీ అనే ఔత్సాహికులు, 106 మిల్లీమీటర్ల కటకంతో ఆండ్రోమెడా గెలాక్సీని గంటల తరబడి ఆక్సిజన్ వెలుగులో తీస్తే, దాని పక్కన అంతకు ముందు ఎవరికీ తెలియని పెద్ద వంపు బయటపడింది. ప్రపంచంలో ఎక్కువగా ఫోటో తీయబడిన గెలాక్సీ అది. పక్కనే అంత పెద్దది ఉండి ఇన్నాళ్ళూ కనిపించకపోవడమేమిటి, ఫిల్టరులో ప్రతిబింబమేమోనన్న అనుమానం న్యాయమైనదే. వేరే చోటు నుంచి వేరే పరికరాలతో తీసినవారికీ అది కనిపించాకే అనుమానం తీరింది. నా సరి, బేసి కుప్పల పరీక్షకు ఇది పెద్దన్న. నా పరీక్ష నా టెలిస్కోపు చేసే తప్పులను పట్టలేదు. దానికి ఇంకొకరి టెలిస్కోపు కావాలి.

ఇక్కడికి వచ్చాక నా అభిప్రాయాన్ని ఇలా చెప్పగలను. నీహారిక బొమ్మను ఎంత మార్చామన్నది పెద్ద ప్రశ్న కాదు. స్ట్రెచ్ చేయడమంటేనే మార్చడం. ఆ మాటకొస్తే మామయ్య కూడా ప్రతి ప్రింటునూ మార్చాడు. బొమ్మలోని ప్రతి వివరానికీ ఇది ఆకాశం నుంచి వచ్చిందని చూపించగలమా, కోరినవాడి చేతిలో దాని ముడిసరుకు పెట్టగలమా అన్నదే ప్రశ్న. పెట్టగలిగితే అది తీసిన బొమ్మ. పెట్టలేకపోతే, దాన్ని చేసినవాడు ఎన్ని రాత్రులు చలిలో నిలబడినా, అది వేసిన బొమ్మ. చేతిసంచిలో పట్టే కొత్త తెలివి టెలిస్కోపులు ఫోను మీట నొక్కగానే పదేసి సెకన్ల ఫ్రేములు పేర్చి బొమ్మ చూపిస్తున్నాయని మా వాళ్ళలో కొందరు ఈసడించుకుంటారు. నాకు ఆ ఈసడింపు లేదు. ముడి ఫ్రేములు దాచుకోనిచ్చే పెట్టె అయితే చాలు.

అయితే ఈ అభిప్రాయం కూడా ఈ ఏటి ఉగాది దాకానే నిశ్చింతగా నిలిచింది. పండక్కి మామయ్య హైదరాబాదు వచ్చాడు. కొత్తగా చేసిన రోజెట్ బొమ్మను, దారప్పోగులు లేనిదాన్ని, చూపించాను. చూసి తల ఊపి, స్టూడియో మనిషి అడగవలసిన ప్రశ్నే అడిగాడు: "నెగటివ్ దాచావా?" ఎంతో సంబరంగా 180 ఫ్రేముల ఫోల్డరు తెరిచి, ఒక్కొక్కటీ తిప్పి చూపించసాగాను. యాభయ్యో అరవయ్యో ఫ్రేము దగ్గర ఆగమన్నాడు. నీహారిక మీదుగా ఒక మూల నుంచి ఇంకో మూలకు తెల్లటి సన్నగీత ఉంది. "ఇది బొమ్మలో లేదే?"

అది ఉపగ్రహం వదిలిన గీత అని, ఇప్పుడు ప్రతి రాత్రీ ఇలాంటివి పడుతుంటాయని, మిగతా ఫ్రేముల్లో ఆ చోట లేని వెలుగు ఒక్క ఫ్రేములోనే ఉంటే స్టాకింగులో లెక్క దాన్ని దానంతటదే పక్కన పెట్టేస్తుందని వివరించాను.

"అంటే ఆ రాత్రి అది నిజంగానే అక్కడ ఉంది" అన్నాడు మామయ్య.

ఉంది. నీహారికకన్నా ఎన్నో రెట్లు వెలుగుతో, నా డాబా పైన, నా కటకం ముందు నుంచి వెళ్ళింది. లేనిదాన్ని కలపడం గురించే ఏడాదంతా ఆలోచించాను గాని, ఉన్నదాన్ని తీసేయడం గురించి ఒక్క పూటా ఆలోచించలేదు. నీహారిక బొమ్మలో నీహారికే ఉండాలి గదా అని నసిగాను. ఆయన దానికి ఔననీ కాదనీ అనలేదు. తరువాతి ఫ్రేము చూపించమన్నాడు.